ముక్కుతో చూసిన ఉప్పు

మా ఫ్రీజర్ తలుపు తీస్తే ముందుగా కాళ్ళ మీద పడేది ఒక ప్లాస్టిక్ సంచి. దాన్నిండా బ్రెడ్ అట్టలుంటాయి. లోఫ్‌కి ఆ చివరా ఈ చివరా ఉండే ముక్కల్ని మా ఇంట్లో మొదట్నించీ అట్టలనే అంటాం, పుస్తకానికి అట్టలున్నట్టు. నా పిల్లలు వాటిని ముట్టలేదు, చిన్నప్పుడు నేనూ ముట్టలేదు, కానీ పారేయడానికి మాత్రం నాకు చేతులు రావు. చలికాలంలో ఏదో ఒక ఆదివారం వాటిని బయటికి తీసి ఓవెన్‌లో ఎండబెడతాను. ఒకవైపు అవి ఎండుతున్న వాసన, ఇంకోవైపు పొయ్యి మీద తెల్ల బీన్స్ ఉడుకుతున్న వాసన, రెండూ కలిసి మేడ మీది గదుల దాకా పాకేసరికి నాకు తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి. అమెరికాలో, పిస్కాటవేలో మా ఇంటి పక్కనున్న పసుపు రంగు ఇల్లు, దాని వెనక గుమ్మం, గుమ్మంలో నల్ల ఏప్రన్ కట్టుకుని నిలబడి, బూట్లకున్న మంచు దులుపుకుని రమ్మని వేలు చూపించే నోనా, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

డెబ్భైల చివరి మాట. నాన్న మందుల కంపెనీలో కెమిస్టు, అమ్మ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసేది. తమ్ముడు ఇంకా పుట్టలేదు. స్కూల్ బస్సు నన్ను మూడింటికి దింపేది, అమ్మ ఆరింటికి గానీ వచ్చేది కాదు. ఒకరోజు తాళంచెవి స్కూల్లో మర్చిపోయి మెట్ల మీద మంచులో కూచుని ఉంటే పక్కింటావిడ చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసికెళ్ళింది. ఆ చెయ్యి మళ్ళీ మూడేళ్ళ దాకా వదల్లేదు. అసలు పేరు ఎల్వీరా. ఆంటీ అని పిలవమని అమ్మ నేర్పిస్తే ఆవిడ ఒప్పుకోలేదు, నోనా అనమంది. నోనా అంటే వాళ్ళ ఇటాలియన్‌లో అమ్మమ్మ. మా సొంత అమ్మమ్మ తెనాలిలో, నెలకో ఏరోగ్రాంలో ఉండేది. పక్కింట్లో ఒక అమ్మమ్మ దొరికినందుకు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

నోనా వంటింట్లో నాకు అర్థం కాని మొదటి వస్తువు ఆవిడ రొట్టె. ప్రతి శనివారం తనే పిండి పిసికి, గుండ్రంగా, చిన్న దిండంత రొట్టె కాల్చేది. అందులో ఉప్పు ఉండేది కాదు. మర్చిపోయి కాదు, వాళ్ళ ఊరివైపు రొట్టెలో ఉప్పు వెయ్యరట. మొదటిసారి తిన్నప్పుడు సుద్దముక్క నమిలినట్టు అనిపించి, మర్యాద కోసం మింగేశాను. ఆ రొట్టె మంగళవారానికి గట్టిపడిపోయేది. అప్పుడే నోనాకి దానిమీద ప్రేమ పుట్టేది.

రాత్రంతా నానిన బీన్స్ ఉడికించి, సగం మెదిపి సగం అలాగే ఉంచేది. పెద్ద గిన్నెలో ఆలివ్ నూనె పోసి ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి వేసి, తొందరేం లేదన్నట్టు అరగంట వేయించేది. తరవాత బంగాళాదుంప, క్యాబేజీ, టొమాటో, పెరట్లో మంచు కింద కూడా చావకుండా నిలబడ్డ ముదురాకుపచ్చ కేల్ ఆకు. ఆ ఆకు మంచు పడితేనే తియ్యగా అవుతుందని చెప్పి, నన్ను చేతికి బుట్టిచ్చి పెరట్లోకి తరిమేది. వేళ్ళు కొంకర్లు పోతుండగా ఆకు తుంచుకుని వచ్చి, పొయ్యి దగ్గర చేతులు కాచుకోవడం నాకిష్టమైన ఆటల్లో ఒకటి. కూరలన్నీ ఉడికాక ఎండు రొట్టె తుంచి అందులో వేసి మూతపెట్టేసేది. ఆ రోజుకి అది సూప్. మర్నాడు మళ్ళీ మరిగిస్తే రొట్టె, కూర తేడా తెలియకుండా కలిసిపోయి, గరిటె నిలబడేంత చిక్కగా అయ్యేది. దాని పేరు రిబొల్లీటా, అంటే మళ్ళీ మరిగించినది. మాంసం వెయ్యరు కదా అని అమ్మ మొహమాటపడుతూ అడిగితే, "మాంసం ఉన్న ఇంట్లో పాత రొట్టె ఎవరు తింటారమ్మా!" అని నోనా పెద్దగా నవ్వింది. అది కూలివాళ్ళ ఇళ్ళలో పుట్టిన వంట, ఆవిడ చిన్నప్పుడు చలికాలమంతా అదేనట.

వంట మధ్యలో నోనా చెక్క గరిటెతో రుచి చూసి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి కలిపేది. మొదటిసారి చూసినప్పుడు నా గుండె ఆగినంత పనయింది. మా ఇంట్లో అది జరగని పని. మా అమ్మ వండినదేదైనా ముందు దేవుడి ముందు పెట్టాకే మా నోటికి వచ్చేది, అంతకుముందు రుచి చూస్తే ఎంగిలి. మరి ఉప్పు సంగతి? అమ్మ ముక్కుతో చూసేది. పులుసు తెర్లుతున్నప్పుడు గిన్నె మీదికి వంగి, ఆవిరి ఒకసారి పీల్చి, "ఇంకో చిటికెడు పడుతుంది" అనేది. తప్పేది కాదు. ఉప్పు సరిపోని పులుసుకి పచ్చివాసన ఉంటుందని, సరిపోగానే ఆ వాసన సద్దుమణుగుతుందని నన్ను పక్కన నిలబెట్టి నేర్పింది. సైన్సు చదువుకున్న నాన్న ఉప్పుకి వాసన ఉండదని వాదించేవాడు, వాదిస్తూనే రెండోసారి వడ్డించుకునేవాడు.

ఎంగిలి గరిటె సంగతి అమ్మకి నేను చెప్పలేదు. చెబితే నోనా ఇంటికి పంపదని భయం. కానీ అమ్మ ఊహించింది కాబోలు, నోనా సూప్ పంపినప్పుడల్లా నాన్నా నేనూ లొట్టలేసుకుంటూ తింటుంటే అమ్మకి ఆరోజు ఉపవాసం వచ్చేది. ఆ చలికాలాల్లో అమ్మ చేసినన్ని ఉపవాసాలు తెనాలిలో మా అమ్మమ్మ కూడా చేసి ఉండదు. ఖాళీ గిన్నె తిరిగి పంపడం మాత్రం అమ్మకి చేతకాదు, కడిగి అందులో పులిహోరో, పెసరట్లో పెట్టి పంపేది.

రుచి చూడమని నోనా గరిటె చాస్తే నేను తల అడ్డంగా ఊపి, వంగి వాసన చూసి, "ఇంకొంచెం సాల్ట్" అన్నాను ఒకరోజు. నోనా నవ్వి, తను నాలిక మీద వేసుకుని చూసి, నవ్వు ఆపేసింది. ఆ రోజు నుంచీ అది మా ఇద్దరి ఆట అయిపోయింది. ముందు నా ముక్కు తీర్పు, తరవాత ఆవిడ నాలుక తీర్పు. పేకాటలో ఆవిడే గెలిచేది, సెల్లార్ నేల మీద సుద్దతో గీసి నేను నేర్పిన అష్టాచెమ్మాలో కూడా నాలుగు రోజులకే నన్ను ఓడించేసింది. ఉప్పులో మాత్రం నన్ను గెలవలేకపోయింది. పాలవాడి దగ్గర్నుంచి చర్చి ఫాదర్ దాకా ఎవరొచ్చినా నా ముక్కు చూపించి గొప్పలు చెప్పేది. నేను మురిసిపోయేదాన్ని.

ఆ సూప్‌కి ఒక కిటుకు ఉంది. ఉప్పులేని రొట్టె గిన్నెలోని ఉప్పంతా పీల్చేస్తుంది. అందుకని రొట్టె వేసే ముందు గిన్నెలో ఉప్పు కాస్త ఎక్కువే ఉండాలి, నోట్లో వేసుకుంటే మొహం ముడుచుకోవాలి. ఆ ఎక్కువ ఎంతో నా ముక్కుకి బాగా పట్టుబడింది.

నోనా పాత రొట్టె పారేయదని అమ్మకి తెలిశాక, మా ఇంట్లో పోగుపడుతున్న అట్టలకి దారి దొరికింది. రెండు వారాలకోసారి సంచి నిండా అట్టలు నాచేత పంపేది. నోనా ఎంతో సంతోషంగా అందుకుని, నా ఎదురుగానే ఫ్రీజర్‌లో పెట్టేసేది. సూపర్‌మార్కెట్ స్లైస్ బ్రెడ్ ఆ సూప్‌కి పనికిరాదని, వేస్తే జిగురైపోతుందని, అవన్నీ ఆవిడ పిచ్చుకలకి వేస్తోందని నాకు తెలుసు. అమ్మకి చెప్పలేదు. అలా ఇద్దరి రహస్యాలూ నా దగ్గరే ఉండేవి.

మూడో ఏడాది ఫిబ్రవరిలో నోనా వెనక మెట్ల మీద ఐస్‌కి జారి మణికట్టు బెణికించుకుంది. కట్టు కట్టారు. ఆవిడ కొడుకు ఫ్రాంక్ ఫ్లోరిడాలో ఉండేవాడు. తల్లి ఒక్కతే ఆ ఇంట్లో ఉండటం అతనికి అంతకుముందు నుంచే ఇష్టం లేదు. డిసెంబరులో ఒకసారి ఆవిడ స్టవ్ ఆర్పకుండా చర్చికి వెళ్ళిపోయింది, ఆ కబురు ఎవరి ద్వారానో అతనికి చేరింది. ఇప్పుడు ఈ పడటం. వచ్చే ఆదివారం వస్తున్నానని ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి నోనా నాతో, "వాడు నన్ను చూడటానికి రావట్లేదు, తీసుకుపోవడానికి వస్తున్నాడు. అన్నీ బాగున్నాయని చూపించాలి మనం" అంది. మనం అన్న మాట నాకు బాగా గుర్తు.

ఆ వారమంతా మేమిద్దరం ఇల్లు తుడిచాం. టేబుల్ గుడ్డ ఇస్త్రీ చేశాం. స్టవ్ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో "ఆఫ్" అని రాసి అతికించి, అది చూస్తే అతనికి అనుమానం వస్తుందని మళ్ళీ పీకేశాం. చిన్నప్పటి నుంచీ ఫ్రాంక్‌కి ప్రాణమైనది ఆ రొట్టె సూపే కాబట్టి అదే వండాలనుకుంది. శనివారం నాకు స్కూలు లేదు, పొద్దున్నే వెళ్ళిపోయాను. నోనాకి దానికితోడు జలుబు, ముక్కు దిబ్బడ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కట్టు కట్టిన చేత్తో పిండి పిసకలేకపోయింది కనక ఆ వారం రొట్టె లేదు. ఫ్రీజర్ తెరిచి, మా అమ్మ పంపిన అట్టల సంచి చూసి, నిట్టూర్చి, "పిచ్చుకలు ఈ వారం పస్తులుంటాయి" అంది. ఓవెన్‌లో బాగా ఎండబెడితే జిగురుండదని ఇద్దరం అనుకున్నాం.

కూరలు ఆవిడ చెబుతుంటే నేనే తరిగాను, నేనే కలిపాను. గిన్నె ఉడికాక నోనా, "ఇవాళ నాకు నాలుక లేదు, ముక్కు లేదు. ఉప్పు నీదే" అంది. నేను స్టూలెక్కి, వంగి ఆవిరి పీల్చి, వేశాను. మళ్ళీ పీల్చి మళ్ళీ వేశాను. అలవాటైన ఆ ఎక్కువ వాసన వచ్చేదాకా ఆగలేదు. "టేస్ట్ చేశావా?" అనడిగింది నోనా. "స్మెల్ చేశాను" అన్నాను. ఆవిడ నవ్వి నా ముక్కు మీద వేలితో కొట్టింది. తరవాత ఎండిన అట్టలన్నీ తుంచి అందులో వేశాం. మా అట్టల్లో ఉప్పుంటుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అట్టలు నానాక నాలిక మీద ఒక్క చుక్క వేసుకుని ఉంటే తెలిసేది.

ఆదివారం మధ్యాహ్నం మమ్మల్నందర్నీ భోజనానికి పిలిచింది. అమ్మకి ఉపవాసం, నాన్న అమ్మకి తోడు, నేనొక్కదాన్నీ పండగ గౌను వేసుకుని వెళ్ళాను. ఫ్రాంక్ పెద్ద మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు, నాకు నారింజపళ్ళు తెచ్చాడు. దుర్మార్గుడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చెంచా నోట్లో పెట్టుకుని, మింగి, నీళ్ళ గ్లాసు మొత్తం తాగేశాడు. తల్లి మొహంలోకి చూశాడు. "అమ్మా, ఉప్పు రెండుసార్లు వేశావు. వేసినట్టు నీకు గుర్తులేదు, అవునా?" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు.

నేను నా పళ్ళెం వైపు చూస్తున్నాను. నేనే వేశానని చెప్పడానికి రెండు మాటలు చాలు. ఇంగ్లీషులో బాగానే వచ్చు నాకు. నోరు రాలేదు. అంత పెద్దమనిషి ముందు భయం కొంత, మూడేళ్ళుగా అందరి ముందూ గొప్పగా చూపించుకున్న ముక్కు తప్పిందన్న సిగ్గు ఎక్కువ. నోనా నావైపు చూసింది. చెప్పమని కాదు, చెప్పొద్దని. "నేనే. చెయ్యి జారింది" అంది కొడుకుతో, కట్టున్న చెయ్యి పైకెత్తి చూపిస్తూ. అతను తల ఊపాడు, నమ్మలేదు.

ఒక్క గిన్నె సూప్‌తో ఇల్లు ఖాళీ అయిపోదని ఇప్పుడు నాకు తెలుసు. స్టవ్ ఉంది, ఐస్ ఉంది, ఆవిడ వయసు ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు తెలియదు. ఆ వసంతంలో పసుపు ఇంటి ముందు అమ్మకానికని బోర్డు పాతినప్పుడు, అది నేనే పాతినట్టు దాని పక్కనుంచి తల వంచుకుని బస్సుకి వెళ్ళేదాన్ని.

ఉగాది నాడు అమ్మ పచ్చడి గిన్నెలో పోసి నోనాకి ఇచ్చి రమ్మంది. వేపపువ్వు తెనాలి నుంచి పొట్లంలో వచ్చింది, మామిడికాయ దొరక్క పుల్లటి ఆపిల్ వేసింది. వంటింటి నిండా అట్టపెట్టెలు, వాటి మధ్య ఒక్క కుర్చీ, కుర్చీలో నోనా. గిన్నె అందిస్తూ, చెప్పేద్దామని నోరు తెరిచి, ఏడ్చేశాను. నోనా నన్ను ఒళ్ళోకి లాక్కుని, పచ్చడి చెంచాడు నోట్లో వేసుకుని, చేదుకి ఒళ్ళు జలదరించి, చప్పరించి, "చూడు, మీ అమ్మ ముక్కు తప్పదు. ఉప్పు సరిగ్గా ఉంది. నీకింకా ప్రాక్టీస్ కావాలి" అంది. అంతకుమించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. జూన్‌లో వెళ్ళిపోయింది. నాలుగైదేళ్ళు క్రిస్మస్‌కి కార్డులొచ్చాయి, ఆ తరవాత ఒక ఏడాది ఫ్రాంక్ చేతిరాతతో వచ్చింది. అదే చివరిది.

ఇప్పుడా పసుపు ఇల్లు లేదు. దాన్ని పడగొట్టి మూడు గరాజులున్న పెద్ద ఇల్లు కట్టారు, అందులో ఉండేవాళ్ళు మన హైదరాబాదు వాళ్ళే. కేల్ పండిన పెరడు డ్రైవ్‌వే అయింది. ఉప్పులేని రొట్టె అడిగితే బేకరీల్లో నన్ను వింతగా చూస్తారు, మెట్ల మీద కూచున్న పక్కింటి పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసికెళ్ళేవాళ్ళు కూడా ఎవరూ కనపడరు. నాన్న పోయాడు. అమ్మకి ఎనభై దాటాయి, మా పాత ఇంట్లోనే ఒక్కతే ఉంటుంది, నేను అరగంట దూరంలో ఉంటాను. నోనా వెళ్ళాక పుట్టిన తమ్ముడు టెక్సాస్‌లో కాపెల్‌లో ఉంటాడు, అమ్మని తనతో తీసికెళ్ళిపోవాలని రెండేళ్ళుగా పట్టుబడుతున్నాడు.

పోయిన నెల వాడు వచ్చాడు. నేనూ వెళ్ళాను. అమ్మ ముక్కల పులుసు పెట్టింది. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయి, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చూడగానే నాకు ఫ్రాంక్ గుర్తొచ్చాడు.

"అమ్మా, సాల్ట్ డబల్ వేశావా? అక్కా, చూడు, నేను చెప్తుంది ఇదే. షీ ఫర్గెట్స్" అన్నాడు.

"నేను వేశాన్రా" అన్నాను. ఈసారి మాట ఆలస్యం కాలేదు. నలభై ఏళ్ళకి పైగా నోట్లోనే ఉన్న మాట మరి.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అదేం మాటే! నువ్వొచ్చేసరికే పులుసు దింపేశాను కదా" అంది. తరవాత కొడుకు వైపు తిరిగి, "మతిమరుపు కాదురా నాన్నా. రెండేళ్ళ కిందట పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పట్నించీ నాకు వాసన తెలీడం లేదు. అంచనాగా వేస్తున్నాను. ఇవాళ అంచనా తప్పింది" అంది.

రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. అంతకన్నా కష్టమైన మాట అమ్మ నోట నేను వినలేదు. తమ్ముడు అమెరికాలో పుట్టినవాడు, వాడికి ఇందులో చిక్కేమిటో అర్థం కాలేదు. "ఓకే. అయితే టేస్ట్ చేసి వెయ్యొచ్చు కదా?" అన్నాడు. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగినవాడు వాడొక్కడే. అమ్మ మజ్జిగ వడ్డించింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి చారు మరుగుతోంది. అమ్మ చిన్న వెండి గిన్నెలో కొంచెం తీసి దేవుడి ముందు పెట్టి, "ఎలా ఉన్నా ఆయన సర్దుకుంటాడులే" అని గొణుక్కుంటూ వచ్చింది. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుంది. తలుపు వైపు ఒకసారి చూసింది, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు. చప్పరించింది. తరవాత గరిటె నావైపు చాచి, "నువ్వు కూడా చూడు. వాసన కాదు, నోట్లో వేసుకుని చెప్పు" అంది.

నోట్లో వేసుకున్నాను. కొంచెం తక్కువైందని చెప్పాను. అమ్మ ఉప్పు డబ్బా మూత తీస్తుంటే, ఆనాటి సంగతంతా చెప్పాను. సూప్, ఫ్రాంక్, నీళ్ళ గ్లాసు, నేను నోరు మూసుకుని కూచోవడం, అన్నీ. అమ్మ చిటికెడు ఉప్పు వేళ్ళ మధ్య పట్టుకుని అంతా విన్నది.

"ఆ అట్టలు నేను పంపినవేగా" అంది చివరికి. "అయితే అందులో సగం ఉప్పు నేను వేసిందే."

చిటికెడూ గిన్నెలో వేసి, నేను నోట్లో పెట్టుకున్న అదే గరిటెతో కలిపింది. "ఇప్పుడు చూడు" అంది.

చూశాను. సరిపోయింది.